ఒక్క తల్లికి అయిదు ముఖాలు

నరసరావుపేట: గోడకు వేలాడుతున్న ఆ ఫొటోలో ఆమె ఎర్రంచు పట్టుచీర కట్టుకుని ఉంది. మెడలో రెండుపేటల గొలుసు, వెనుక జలపాతం. పాలుగారే ముఖం మీద ఒక్క మచ్చ లేదు. ఆమె బతికుండగా పట్టుచీర కట్టింది పెళ్లినాడు ఒక్కసారే. అదీ మేనత్త దగ్గర అడిగి తెచ్చుకున్న చీర. జలపాతం సంగతి సరేసరి, చేలగట్లు, మిరపకల్లం తప్ప వేరే లోకం ఎరగని మనిషి. ఇక ముఖమంటారా, చిన్నతనంలో అమ్మవారు పోసి రెండు చెంపల మీదా గుంటలు పడ్డాయని పెద్దకూతురు చెబుతున్నది.

కోటప్పకొండకు దగ్గరలోని ఒక పల్లెలో ఓ చిన్న రైతు ఇంటి కథ ఇది. ఇంటివారు తమ పేర్లు వద్దన్నారు కనుక ఇవ్వడం లేదు. నిజానికి ఈ కథ ఆ ఒక్క ఇంటిదే కాదు. జిల్లాలో ఏ ఊళ్లో ఏ వసారాలో తలెత్తి చూసినా దండ వేసిన ఫొటో ఒకటి కనిపిస్తుంది. అందులో చీర సొంతానిదా, నగ సొంతానిదా, చివరకు మెడైనా సొంతానిదా అన్నది ఆ ఇంటి పెద్దవాళ్లను అడిగితేనే తేలుతుంది.

తిరునాళ్ల డేరాలో...

అసలు ఫొటో 1979 శివరాత్రి తిరునాళ్లలో తీసింది. రాత్రంతా ప్రభల వెలుతురు చూసి, తెల్లవారి బండి కట్టేముందు ఆ కుటుంబం కొండ కింద వేసిన ఫొటో డేరాలోకి వెళ్లింది. మూడుకాళ్ల పెద్ద కెమెరా, దాని మీద నల్లగుడ్డ. వెనుక తెర మీద మేడ, మెట్లు, రెండు హంసలు. తండ్రి ఒక కుర్చీలో, తల్లి ఇంకో కుర్చీలో కూర్చున్నారు. తల్లి ఒడిలో రెండేళ్ల కొడుకు. కుర్చీ వెనుక పన్నెండేళ్ల కూతురు. ఆ తల్లి జీవితంలో దిగిన ఫొటో అదొక్కటే.

1984లో ఆమె జ్వరంతో పోయింది. అప్పటికి కూతురికి పదిహేడేళ్లు, పక్క ఊరికి కాపురానికి వెళ్లింది. కొడుక్కి ఏడేళ్లు. కూతురికి తల్లి ముఖం గుర్తుంది. కొడుక్కి గుర్తులేదు. ఆయనకు తెలిసిన తల్లి ఫొటోలో తల్లే. తిరకాసంతా ఇక్కడే ఉంది.

పెన్సిలు, కత్తి, దూది

పెద్దకర్మ నాటికి దండ వేయడానికి ఫొటో కావలసి వచ్చింది. తండ్రి ఆ గుంపు ఫొటోనే సంచిలో పెట్టుకుని పేటకు వెళ్లి ఒక స్టూడియోలో ఇచ్చాడు. ఆ రోజుల్లో అక్కడ టచింగ్ పని చేసిన ఆయనకు ఇప్పుడు డెబ్బయి దాటాయి. కళ్లు సరిగా ఆనవు గాని పని గురించి అడిగితే నిన్న చేసినట్టే చెబుతారు.

గుంపులోంచి ఒక్క మనిషిని తీయాలంటే ముందు కాపీ తీయాలి. ఫొటోను బల్ల మీద పరిచి, అటొక దీపం ఇటొక దీపం ఏటవాలుగా పెట్టి, పైనుంచి కెమెరాతో ఆ ముఖం వరకే కట్ ఫిలిం మీద పట్టాలి. అలా వచ్చిన నెగెటివ్‌ను కన్నం ఉన్న ఏటవాలు డెస్కు మీద పెడతారు. కింద అద్దం. అద్దంలోంచి వెలుతురు పైకి కొట్టి నెగెటివ్‌లో ముఖం కనిపిస్తుంది. అయితే అంతా తలకిందుల లోకం. తెలుపు నల్లగా, నలుపు తెల్లగా ఉంటుంది. ముఖం మీది ముడత, మచ్చ, గుంట నెగెటివ్‌లో పారదర్శకంగా, ఖాళీగా కనిపిస్తాయి. ఆ ఖాళీని పెన్సిలుతో నింపితే ప్రింటులో మచ్చ మాయమవుతుంది. ఫిలిం నున్నగా ఉంటుంది కనుక పెన్సిలు పట్టదు. అందుకని ముందు దూదితో పలచగా మీడియం అనే జిగురు రాస్తారు. పెన్సిలు మొన సూదిలా ఉండాలి. గీత గీయకూడదు, చుక్క చుక్కగా పొడవాలి.

నల్లదనం పెంచాలంటే దీనికి తిరగబడిన పని. సన్నటి కత్తితో ఫిలిం మీది పూతను గీకాలి. గీకిన చోట పలచబడి ప్రింటులో నల్లగా పడుతుంది. పలచటి జుట్టు ఒత్తుగా, కనుబొమలు తీర్చినట్టుగా చేసేది కత్తే. పెన్సిలు పొరపాటైతే తుడుచుకోవచ్చు. కత్తి పొరపాటుకు మందు లేదు.

"మచ్చ ఉంటే ఉంచమని నన్నెవరూ అడగలేదు. తీసెయ్యమనే అడిగారు. చనిపోయిన మనిషిని అందంగా చూపిస్తే ఇంట్లోవాళ్లు ఏడుస్తూనే సంతోషపడేవాళ్లు" అంటారాయన. ఆ తల్లి చెంపల మీద గుంటలు నింపడానికి రెండు రాత్రులు పట్టిందట. మశూచి లేని దేశంగా మన దేశాన్ని 1977లోనే ప్రకటించారు. కాని అంతకుముందు అది ముఖాల మీద వదిలి వెళ్లిన మచ్చలతో టచింగ్ పనివారికి చాలా ఏళ్లు చేతినిండా పని దొరికింది.

తర్వాత డార్క్‌రూములో ఎర్రదీపం కింద ఎన్‌లార్జిమెంటు వేశారు. ముఖం చుట్టూ తెల్లగా కరిగిపోయేటట్టు అట్టముక్కకు గుండ్రటి కన్నం చేసి, వెలుతురులో ఆడిస్తూ ప్రింటు తీశారు. ఒడిలో పిల్లవాడు, వెనుక కూతురు, హంసలు అన్నీ ఆ తెలుపులో కలిసిపోయాయి. ఆ పైన ఫొటో రంగులు. బొట్టుకు ఎరుపు, పెదవులకు లేత గులాబి. చీర ఏ రంగని అడిగితే తండ్రి "ఏదో ఒకటి వెయ్యండి" అన్నాడట. ఆకుపచ్చ వేశారు. అది నేరేడుపండు రంగు చీర అని కూతురు ఇప్పటికీ అంటుంది.

చందమామ కథ

ఫొటోను దిద్దడం మనవాళ్లు కనిపెట్టిన విద్య ఏమీ కాదు. అందులో తప్పు కూడా లేదు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే పేరుమోసిన ఫొటోగ్రాఫరు ఉండేవాడు. 1941 నవంబరు 1న సాయంత్రం న్యూమెక్సికోలో కారులో వెళుతుంటే హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం కనిపించింది. శ్మశానంలో తెల్లటి శిలువల మీద ఆఖరి ఎండ పడుతున్నది. కారు ఆపి కెమెరా బిగించాడు గాని వెలుతురు కొలిచే మీటరు కనపడలేదు. చందమామ వెలుగు ఎంతో ఆయనకు కంఠతా వచ్చు. ఆ లెక్కతోనే ఒక ఫొటో తీశాడు. రెండోది తీసేలోగా శిలువల మీద ఎండ పోయింది. ఉన్నది ఒక్క నెగెటివ్.

ఆ ఒక్క నెగెటివ్ నుంచి ఆయన తన జీవితకాలంలో వెయ్యికి పైగా ప్రింట్లు వేశాడు. అన్నీ ఒక్కలా ఉండవు. తొలినాటి ప్రింట్లలో ఆకాశం బూడిద రంగులో ఉండి మబ్బులు పలచగా కనిపిస్తాయి. 1948లో నెగెటివ్ కింది భాగాన్ని మందుతో మరికాస్త గట్టిపరిచాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆకాశాన్ని కాటుకలా నల్లగా చేస్తూ పోయాడు. కుర్రతనంలో పియానో నేర్చుకున్న మనిషి. నెగెటివ్ అంటే రాసిపెట్టుకున్న స్వరం, ప్రింటు అంటే కచేరీ అని చెప్పేవాడు. మన భజన బృందాల్లో ఒకే కీర్తనను ఒకరు తాపీగా, ఒకరు దూకుడుగా పాడరూ, అలాగన్నమాట. అయితే ఒకటి. ఆయన ఎన్నిసార్లు ప్రింటు వేసినా చందమామను పక్కకు జరపలేదు, ఇంకో ఊరి గుడిసెలు తెచ్చి అతికించలేదు.

ఆటోల వెనుక, బైకుల మీద కనిపించే చే గువేరా బొమ్మది ఇంకో రకం కథ. అది 1960 మార్చి 5న క్యూబాలోని హవానాలో కోర్డా అనే పత్రికా ఫొటోగ్రాఫరు తీసింది. అంతకు ముందురోజు ఓడ పేలుడులో చనిపోయినవారి సంతాప సభ అది. అసలు ఫొటోలో ఒక పక్క మరో మనిషి, ఇంకో పక్క తాటిజాతి చెట్టు ఆకులు ఉన్నాయి. రెంటినీ కత్తిరించేసరికి సభ పోయి ముఖం మిగిలింది. 1968లో ఐర్లండు చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ దాన్ని ఎరుపు, నలుపు బొమ్మగా మార్చాడు. మన ఆటోల మీదికి వచ్చింది ఆ బాణీయే. ఆ చూపు సంతాప సభలో చూసిన చూపు అని ఆటో నడిపేవారిలో ఎందరికి తెలుసు?

పట్టుచీర ఫైలు

మళ్లీ మన ఇంటికి వద్దాం. 2008లో తండ్రి కాలం చేశాడు. అప్పటికి డార్క్‌రూములు మూతపడుతున్నాయి. కంప్యూటర్లు వచ్చాయి. ఫొటోలు దిద్దే ఫొటోషాప్ అనే ప్రోగ్రాము 1990లో బజారులోకి వచ్చింది. దాన్ని తయారుచేసిన అన్నదమ్ములలో ఒకడైన జాన్ నోల్ 1987లో బోరాబోరా దీవిలో తన స్నేహితురాలు సముద్రపొడ్డున కూర్చుని ఉండగా తీసిన ఫొటోనే, కొత్త ప్రోగ్రాము ఏమేం చేయగలదో చూపించడానికి ఊరూరా వాడారు. ఒక మనిషిని ఇద్దరిని చేయడం, సముద్రంలో ఇంకో దీవి పుట్టించడం. ఆ అమ్మాయి తర్వాత ఆయన భార్య అయింది. ఆ విద్యే ఇరవై ఏళ్లు తిరక్కుండా మన ఫ్లెక్సీ షాపుల దాకా వచ్చింది.

తండ్రి కర్మకు ఫ్లెక్సీ వేయించాలని, పక్కన తల్లి కూడా ఉంటే బాగుంటుందని కొడుకు అనుకున్నాడు. ఆకుపచ్చ చీర ఫొటో తీసుకువెళ్లాడు. ఫ్లెక్సీ డిజైన్లు చేసే కుర్రాళ్ల దగ్గర పట్టుచీరల ఫైళ్లు, నగల ఫైళ్లు, పంచెకండువాల ఫైళ్లు సిద్ధంగా ఉంటాయి. మెడ నుంచి కింద అంతా తయారు. పైన ముఖం అతికిస్తే సరి. గంటలో పని అయిపోయింది. తెలుపు పెంచారు. వెనుక జలపాతం పెట్టారు. ఫ్లెక్సీ ఎండకు వెలిసి కొట్టం మీద కప్పుగా వెళ్లింది గాని, అదే బొమ్మను ఫ్రేము కట్టించింది మాత్రం గోడ మీద ఉండిపోయింది. ఆకుపచ్చ చీర ఫొటో అటకెక్కింది.

ఆ డిజైనరును తప్పు పట్టడానికి లేదు. 1957 నాటి 'మాయాబజార్'ను రంగులు అద్ది 2010లో విడుదల చేసినప్పుడు ఏ నగ ఏ రంగు, ఏ గోడ ఏ రంగు అని కూర్చుని తేల్చుకోవడానికి ఒక పెద్ద బృందం పనిచేసింది. ఇక్కడ ఒక కుర్రవాడు, ఒక గంట, బయట కరెంటు పోతుందేమోనన్న భయం.

అత్త ఒప్పుకోలేదు

కొడుకు కూతురు గుంటూరులో డిగ్రీ చదువుతున్నది. 2025 మార్చిలో అందరి ఫోన్లలోకి జపాను కార్టూను బొమ్మలు వచ్చిన రోజుల్లో ఆ పిల్ల నాయనమ్మ ఫొటోను కూడా అలా మార్చింది. పెద్ద కళ్లు, బొద్దుబుగ్గలు, లేత రంగులు. బాగుందని అందరూ నవ్వుకున్నారు. కొన్నాళ్లకు ఫొటోలో మనిషి కదిలే విద్య వచ్చింది. పట్టుచీరలో నాయనమ్మ రెప్పలు ఆర్పి, తల కొద్దిగా తిప్పి, పళ్లు కనపడేలా నవ్వింది. తండ్రి అది చూసి కంటతడి పెట్టుకున్నాడు. పదిసార్లు చూశాడు. అక్కకు చూపించమన్నాడు.

అక్క ఫోను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది. "మా అమ్మ నవ్వితే పన్ను మీద పన్ను కనపడేది. ఈవిడెవరో నాకు తెలియదు" అంది.

ఫొటోలో తల్లి పెదవులు మూసుకునే ఉన్నాయి. లోపల పన్ను ఎలా ఉందో ఆ యంత్రానికి తెలిసే దారి లేదు. తెలియనిచోట వేల ముఖాల్లో చూసిన అందమైన పళ్ల వరుసను తెచ్చి పెట్టింది. పెన్సిలైతే ఉన్నదాన్ని తీసింది. డిజైనరు పక్కవాళ్లది తెచ్చి అతికించాడు. ఇది ఎక్కడా లేనిదాన్ని పుట్టించింది. వరుసలో ఇదే పెద్ద మార్పు. చూసేవారికి మాత్రం మూడూ ఒకటిగానే కనిపిస్తాయి. ఇదే విద్యతో ఆడపిల్లల ముఖాలను పాడు బొమ్మలకు అతికించే దుర్మార్గులూ తయారయ్యారు. అలాంటిది జరిగితే దాచుకోకుండా 1930 నంబరుకు ఫోను చేసి చెప్పాలి.

అక్క మాటతో తమ్ముడికి నిద్ర పట్టలేదు. "నలభై ఏళ్లు నేను దండం పెట్టుకున్నది ఎవరికి?" అని అడిగాడట. అసలు గుంపు ఫొటోను వెతికాడు. పెట్టెలో అడుగున దొరికింది. ఎప్పుడో కప్పు కారి తడిసి, ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంది. తొందరపడి గోటితో లాగాడు. తల్లి ముఖం సగం అద్దానికే ఉండిపోయింది.

ఇలా లాగి పాడు చేసుకున్నవాళ్లు వారానికి ఒకరైనా వస్తుంటారని స్టూడియోవారు చెబుతున్నారు. అద్దానికి అంటుకున్న ఫొటోను ఊడదీయకూడదు. అద్దంతో సహా తీసుకువస్తే అద్దం మీదనుంచే కాపీ తీస్తారు. ఏ మార్పు చేయించేముందైనా ఉన్నది ఉన్నట్టు ఒక కాపీ తీయించి వేరుగా పెట్టుకోవాలి. పాత ఫొటోకు లామినేషన్ వేయించడం మంచిది కాదు. వేశాక దాన్ని తీయబోతే ఫొటో కూడా వస్తుంది.

రేకు డబ్బాలో దొరికింది

చివరకు ఆ పాత టచింగ్ మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. స్టూడియో మూసేసినప్పుడు నెగెటివ్‌లను గోతాల్లో వేసి అమ్మేశారు. వెండి వస్తుందని కొనేవాళ్లు ఉండేవారు. తన చేతి పని బాగుందనిపించిన కొన్నిటిని మాత్రం ఆయన రేకు డబ్బాలో దాచుకున్నారు. పల్చటి కాగితం కవర్లు, కవరు మీద సంవత్సరం, ఊరి పేరు. మూడు రోజులు వెతికితే 1984 కవర్లలో అది బయటపడింది.

దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చూసి ఆయన చెప్పిన మాట తమ్ముడికి మొదట అర్థం కాలేదు. "గుంటలు ఎక్కడికీ పోలేదు. పెన్సిలు కింద ఉన్నాయి" అన్నారు.

టర్పెంటైనులో ముంచి పిండిన దూదితో ఫిలిం మీద మెల్లగా తుడిచారు. జిగురు కరిగింది. జిగురుతోపాటు రెండు రాత్రులు కూర్చుని పొడిచిన చుక్కలన్నీ దూదికి నల్లగా అంటుకుని వచ్చేశాయి. తన పని తానే చెరుపుకోవడం ఎలా అనిపించిందని అడిగితే, "అప్పుడు కూలి ఇచ్చారు, ఇప్పుడు కాఫీ ఇచ్చారు" అని నవ్వేశారు. కనుబొమల దగ్గర మాత్రం ఏమీ చేయలేకపోయారు. అక్కడ కత్తి పడింది.

ప్రింటు వేయడానికి ఎన్‌లార్జరు లేదు, కాగితమూ లేదు. ఆ రోజుల్లో ఊటీ నుంచి వచ్చే ఇందు పేపరు కథ ఎప్పుడో ముగిసింది. బస్టాండు దగ్గర స్టూడియో నడిపే కుర్రవాడు నెగెటివ్‌ను వెలుతురు పలక మీద పెట్టి డిజిటల్ కెమెరాతో తీసి, కంప్యూటరులో నలుపును తెలుపు, తెలుపును నలుపు చేశాడు. తెర మీద ముఖం తేలింది. అలవాటుకొద్దీ చెంపలను నున్నగా చేసే గుర్తు మీదికి అతని చెయ్యి వెళితే, పక్కనే కూర్చున్న ముసలాయన మణికట్టు పట్టుకుని ఆపారట.

అక్కను పిలిపించారు. ప్రింటు చేతికి ఇచ్చారు. "కనుబొమలు ఇంత ఉండేవి కావు" అంది ముందు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఎడమ చెంప మీద కంటికి కాస్త కిందుగా వేలు పెట్టి, "ఇక్కడ మూడు పక్కపక్కనే ఉండేవి. పాలు తాగేటప్పుడు వీడు వేలు పెట్టి ఆడేవాడు" అని తమ్ముడిని చూపించింది. ఆయనకు అది గుర్తు లేదు.

చీరకు నేరేడు రంగు వేయిద్దామని తమ్ముడు అంటే, ఇక ఎవరూ ఏమీ వేయవద్దని అక్క అంది.

పట్టుచీర ఫొటోను గోడ నుంచి దించలేదు. పిల్లలు దాన్ని చూసే పెరిగారు కనుక తీయబుద్ధి కాలేదని ఇంటివారంటున్నారు. కొత్త ప్రింటు దాని పక్కనే ఇంకో మేకుకు వేలాడుతున్నది. మాఘంలో ఆ ఇంట్లో పెళ్లి పెట్టుకున్నారు. శుభలేఖ మీద ఏ ఫొటో వేయించాలన్నది ఇంకా తేలలేదు.